చుట్టతోక కంచు సింహం

శంబరదుర్గంలో సింహాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. చూడలేదని ఒప్పుకునేవాడూ ఒక్కడూ లేడు.

దానికి కారణం ఆ రాజ్యాన్ని ఏలే అరిభయంకర మహారాజు ముత్తాత. ఆయన వట్టి చేతులతో సింహాన్ని చంపాడని కోటలో శాసనం ఉంది. ఆ శాసనం చెక్కించింది కూడా ఆయనే. అప్పటినుంచీ కొలువులో చేరదలచిన ప్రతివాడూ తన వంశంలోనూ ఒకరిద్దరు సింహాలతో కలబడ్డారని చెప్పుకోవడం మర్యాద అయిపోయింది. వేటపెద్ద బిరుదుమల్లు తన తొడ మీది మచ్చ సింహం కరిచిందేనని చెప్పేవాడు. పనసచెట్టు మీంచి పడ్డ సంగతి అతని భార్య ఒక్కతెకే తెలుసు.

అందుచేత కోట వాకిట నిలబెట్టడానికి ఏనుగంత కంచు సింహం కావాలని మహారాజు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, సింహం ఎలా ఉంటుందని కంచరి పిన్నోజు ఎవరిని అడిగినా ఒకే జవాబు వచ్చింది.

"సింహంలాగే ఉంటుంది. ఆమాత్రం తెలియదా?"

పిన్నోజు మాట తక్కువ మనిషి. పనిలో అతనికి ఒక్కటే పట్టుదల. ఎదురుగా జీవం నిలబడందే మైనం ముట్టడు. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని మీద పుట్టమన్ను మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలో కంచు పోస్తారు. మైనంలో లేని ప్రాణం కంచులోకి రాదని అతని తండ్రి చెప్పి చచ్చిపోయాడు. అందుకని ఎద్దు బొమ్మకి ముందు పిన్నోజు నెల రోజులు ఎద్దుల కొట్టంలో పడుకున్నాడు. మొసలి బొమ్మకి ముందు పదకొండు రోజులు కోట కందకంలో మెడలోతున నిలబడి, కాలివేలు ఒకటి అక్కడే వదిలి వచ్చాడు. మొసలి మాత్రం బాగా కుదిరింది.

సింహం కోసం నలభై రోజులు అడవులు తిరిగాడు. ఒక్కటీ కనపడలేదు. గడువు దగ్గరపడింది. అలిసిపోయి ఇంటికి వచ్చి కొలిమి ముందు కూలబడ్డాడు. అక్కడ పడుకుని ఉన్న అతని కుక్క లేచింది. నల్లగా, ముడతలు పడ్డట్టు ఉంటుందని దానికి కరక్కాయ అని పేరు పెట్టాడు. అది ముందుకాళ్ళు చాపి, నడుం విరుచుకుని, నోరంతా తెరిచి ఆవలించి, అతని కళ్ళల్లోకి చూసింది. పిన్నోజు చెయ్యి దానంతట అదే మైనం మీదికి పోయింది.

కుక్క మీద జానెడు, బొమ్మ మీద బారెడు. అదీ కొలత. జూలు మటుకు రాజుగారి గుర్రాన్ని చూసి పెట్టాడు.

సింహానికి తెర తీసిన ఉదయం కోట వాకిలి ఇంద్రసభలా ఉంది. ముత్యాల తోరణాలు గాలికి ఊగుతున్నాయి. పన్నీటి చినుకులకి నేల పరిమళిస్తోంది. నలభై జతల కొమ్ముబూరలు ఒక్కసారి మోగాయి. బాలసూర్యుడి తొలి కిరణం తాకగానే పట్టుతెర జారింది. అగ్నిలో తలస్నానం చేసి వచ్చినట్టు ఎర్రటి పసిమితో నిలబడింది సింహం. జూలు జలపాతం. కోరలు నెలవంకలు. రొమ్ము కోట తలుపు. ఎడమ చెవి సగానికి మడత పడి ఉంది. తోక వీపు మీదికి చుట్ట చుట్టుకుని ఉంది.

మహారాజు ఆ తోక వంక చాలాసేపు చూశాడు. ఎక్కడో చూసినట్టే అనిపించింది.

"బిరుదుమల్లూ, ఇది సింహమేనా?"

"నా తొడ కరిచింది ఇదే మహాప్రభూ."

"మరి ఆ తోకేమిటి?"

ఆస్థాన పండితుడు గొంతు సవరించుకున్నాడు. "కోపం వస్తే సింహానికి తోక చుట్ట తిరుగుతుంది ప్రభూ. శాంతంగా ఉన్న సింహాలను మాత్రమే చూసినవారికి ఈ సంగతి తెలియదు."

"మా ముత్తాతగారు చంపినప్పుడు అదీ కోపంలోనే ఉండి ఉంటుంది," అన్నాడు మహారాజు. అంతటితో తోక సంగతి తేలిపోయింది.

అప్పుడు ఆకాశం మసకబారింది. గుర్రమంత రాబందు ఒకటి రెక్కలు కొట్టుకుంటూ వాకిట దిగింది. దాని మీద బూడిద రంగు గడ్డం మోకాళ్ళ దాకా వేలాడే మాంత్రికుడు. పేరు భస్మజిహ్వుడు. చేతిలో పొడవాటి కర్ర. కర్ర చివర ఒక పుర్రె. అది పూర్వం ఏదో రాజ్యంలో న్యాయం చెప్పినవాడి పుర్రె. అందుకని అబద్ధం ఆడదు. ఆ రాజ్యంలో అతని తల తియ్యడానికి కారణం కూడా అదే.

"రాజా," అన్నాడు భస్మజిహ్వుడు. "నీ శత్రువు వజ్రకేతుడు ఏటి అవతల గుడారాలు వేశాడు. రేపు నీ కోట పడుతుంది. అర్ధరాజ్యం ఇస్తానంటే ఈ సింహానికి ప్రాణం పోస్తాను. వాడి సేనని చీల్చి పెడుతుంది."

పోయే రాజ్యంలో సగం మిగలడం మహారాజుకి లాభసాటిగా కనపడింది. సరే అన్నాడు.

"అయితే ఒక మాట. ప్రాణం గాలిలోంచి రాదు. మైనం ముందు ఏ జంతువు నిలబడిందో దాని ప్రాణం తీసి ఇందులో పెట్టాలి. శిల్పీ, నువ్వు చూసి చేసిన సింహాన్ని నడిమధ్యాహ్నంలోగా తీసుకురా. తేలేకపోతే మైనం ఒత్తిన వేలు నీది కాబట్టి నీ ప్రాణం తీసి పెడతాను. కాస్త నాసిరకంగా ఉంటుందనుకో."

మహారాజు పిన్నోజు వైపు తిరిగాడు. "విన్నావుగా. ఎక్కడుంది ఆ సింహం?"

"ఇంటిదగ్గర," అన్నాడు పిన్నోజు.

సభంతా రెండడుగులు వెనక్కి జరిగింది.

ఇంటికి వెళ్ళేసరికి కరక్కాయ గుమ్మంలో ఎదురొచ్చి అతని మోకాలు నాకింది. పిన్నోజు కొలిమి ముందు కూర్చుని ఆలోచించాడు. అది కుక్క అని ఒప్పుకుంటే రాజద్రోహం, తల పోతుంది. కుక్క ఎలాగూ పోతుంది. ఒప్పుకోకుండా కుక్కని అప్పగిస్తే కుక్క పోతుంది. ఏదీ తేలేదంటే తను ఒక్కడే పోతాడు. మూడింటిలో చివరిది సులువుగా కనపడింది. లేచి కుక్కకి అంబలి పోశాడు.

అంతలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి గుమ్మంలోకి వచ్చింది. "గడ్డి కావాలా ఓజయ్యా?"

"ఆవు లేదు తల్లీ. గడ్డి కోసేవాళ్ళు రవ్వల కడియాలు పెట్టుకోరు."

రాకుమారి హంసిని తన కాళ్ళ వంక చూసుకుని మోపు కింద పడేసింది. చిన్నప్పటినుంచీ ఆమె ఈ కొలిమి దగ్గరే ఆడుకుంది. ఆమె ఆడుకున్న కంచు బొమ్మలన్నీ ఇక్కడివే.

"అది మన కరక్కాయే కదూ?"

పిన్నోజు కుక్క మడతచెవిని నిమిరాడు.

"ఎడమ చెవి చూడగానే పోల్చాను. నాలుగేళ్ళుగా దీనికి నెయ్యన్నం పెడుతున్నాను, నాకు తెలియదూ? సభలో నవ్వాపుకోలేక చచ్చాను."

"ఇంకెవరికైనా తెలుసా?"

"తెలిసినవాళ్ళు ఎందుకు చెబుతారు? వాళ్ళ తాతలందరూ కుక్కలతో కలబడ్డట్టు అవుతుంది." ఆమె గొంతు తగ్గించింది. "అది కాదు ఓజయ్యా. ఆ మాంత్రికుడు నిన్ను నమ్మలేదు. మధ్యాహ్నం పుర్రెని అడుగుతాడట. జంతువు ఏ మూల దాక్కున్నా అది చూపించేస్తుంది. దీన్ని తీసుకుని పారిపో."

"పారిపోతే?"

"ఎటు పారిపోయావో చూపిస్తుంది."

పిన్నోజు కుక్క వంక చూశాడు. తరవాత కిటికీలోంచి కోట వాకిట ఉన్న సింహం వంక చూశాడు.

అంత పెద్ద బొమ్మని గట్టిగా పొయ్యరు. లోపల మట్టి దిమ్మ పెట్టి చుట్టూ కంచు పోస్తారు. చల్లారాక ఆ మట్టిని తవ్వి తియ్యడానికి పొట్టకింద మనిషి దూరేటంత కంత వదిలిపెడతారు. ఆ కంతకి ఇంకా రేకు బిగించలేదు. ఆకురాయి పెట్టి సాన పడుతున్న రోజుల్లో కరక్కాయ మధ్యాహ్నాలు ఆ పొట్టలోనే పడుకునేది. చల్లగా ఉంటుందని.

"చూపిస్తే చూపించనీ," అన్నాడు పిన్నోజు. "ఆ మోపు విప్పు తల్లీ."

కుక్కని మోపు మధ్యలో పెట్టి కట్టారు. ఈసారి కడియాలు తీసేసి హంసిని మోపు ఎత్తుకుంది. వాకిట కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఆ గడ్డి ఎందుకు?"

"సింహం పొట్టలో కూరడానికి," అన్నాడు పిన్నోజు.

కాపలావాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "అవునవును. మా తాత కూడా సింహాలకి గడ్డే పెట్టేవాడు," అని దారి ఇచ్చాడు.

సింహం పొట్టకింద చేరి మోపు విప్పగానే కరక్కాయ కంతలోంచి లోపలికి దూకి, మూడుసార్లు చుట్టూ తిరిగి పడుకుంది. పిన్నోజు చూపుడువేలు ఎత్తి "ఉండు" అన్నాడు. ఆ మాట అంటే అతను మళ్ళీ పిలిచేదాకా కొలిమి మీద పడ్డా అది కదలదు. సమ్మెటతో రేకు బిగించడానికి వ్యవధి లేదు. నడుం దగ్గర ఎప్పుడూ ఉండే మైనపు ముద్దలో సగం తీసి, మెత్తగా ఒత్తి, కంత అంచులకి రాసి రేకు అంటించాడు. సింహం ముక్కు రంధ్రాలు పెద్దవిగానే పెట్టాడు కాబట్టి గాలికి లోటు లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. సింహం చుట్టూ భస్మజిహ్వుడు ముగ్గు గీశాడు. మహారాజూ సభా కోటగోడ మీదికి ఎక్కారు. గౌరవం కోసం కాదు, దూరం కోసం.

"ఏదీ నీ జంతువు?"

"లేదు," అన్నాడు పిన్నోజు.

మాంత్రికుడు నవ్వి కర్ర పైకెత్తాడు. "పుర్రే, ఎక్కడుందో చూపించు."

పుర్రె గిర్రున తిరిగి ఆగింది. "అదుగో."

"ఎక్కడ?"

"నీ ముక్కు ముందు. ఆ సింహం దగ్గర."

"అది బొమ్మ. నేను అడిగింది బొమ్మని కాదు. దాన్ని చూసి చేసిన జంతువుని."

"నేను చెబుతున్నదీ దాన్నే."

"నీకు ముసలితనం వచ్చింది."

"చచ్చి మూడువందల ఏళ్ళయింది. రాక ఏం చేస్తుంది? అయినా అక్కడే ఉంది."

భస్మజిహ్వుడు పుర్రెని నేలకేసి రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ అడిగాడు. పుర్రె మళ్ళీ అదే చెప్పింది. కోటగోడ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మాంత్రికుడి మొహం కందగడ్డ అయింది.

"చాలు. ఈ కంచరివాణ్ణే పట్టుకోండి."

నలుగురు భటులు పిన్నోజుని తెచ్చి సింహం ముందు నిలబెట్టారు. హంసిని గోడ మీంచి ఏదో అనబోయింది. పిన్నోజు తల అడ్డంగా ఊపాడు. భస్మజిహ్వుడు కళ్ళు మూసుకుని మంత్రం మొదలుపెట్టాడు. నేల అదిరింది. ముగ్గు గీతలు నీలి మంటలై లేచాయి. రాబందు రెక్కల్లో తల దాచుకుంది. పిన్నోజు గుండెలోంచి ఎవరో దారం లాగుతున్నట్టు నొప్పి మొదలైంది. కళ్ళు చీకట్లు కమ్మాయి. పళ్ళు బిగపట్టాడు గాని, ఎంత బిగపట్టినా గొంతులోంచి చిన్న మూలుగు బయటికి వచ్చింది.

నాలుగేళ్ళలో కరక్కాయ "ఉండు" అన్న మాట దాటింది ఆ ఒక్కసారే. పొట్టలోంచి ఒక్క అరుపు అరిచింది.

మంత్రం పిన్నోజు గుండెని వదిలేసి ఆ అరుపుని పట్టుకుంది. నీలి మంటలన్నీ ఒక్కసారి సింహం ముక్కులోకి దూరాయి. కంచు కనురెప్పలు పైకి లేచాయి. ఏనుగంత సింహం ముందుకాళ్ళు చాపి, నడుం విరుచుకుని, నోరంతా తెరిచి ఆవలించింది. ఆ తరవాత కోట గోడలు దద్దరిల్లేలా మొరిగింది.

"భౌ."

గోడ మీద అందరూ బిరుదుమల్లు వంక చూశారు.

"సరిగ్గా ఇదే గర్జన," అన్నాడు బిరుదుమల్లు. "ఒళ్ళు గగుర్పొడుస్తోంది. పాత రోజులు గుర్తుకొస్తున్నాయి."

సభంతా తలలు ఊపింది. పండితుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"పో," అని భస్మజిహ్వుడు ఏటి వైపు కర్ర చాపాడు. "వజ్రకేతుడి సేనని చీల్చు."

సింహం అతని వంక చూసింది. కూర్చుని, వెనక కాలితో మెడ గోక్కుంది. నిప్పురవ్వలు రాలాయి. లేచి పిన్నోజు దగ్గరికి వచ్చి, చుట్టతోక ఊపుతూ రెండు స్తంభాలు కూల్చి, అతని భుజం నాకింది. భుజం మీద చర్మం కొంత పోయింది. పిన్నోజు దాని మడతచెవి వెనక చెయ్యి వేసి నిమిరాడు. కంచు వెచ్చగా ఉంది.

మాంత్రికుడికి అప్పుడు అర్థమైంది. "ఇది కుక్క," అన్నాడు. "మూర్ఖుల్లారా, ఇది కుక్క."

మహారాజు గోడ మీంచి కిందికి వంగాడు. "మాంత్రికా, మాట జాగ్రత్త. మా ముత్తాతగారు చంపినది ఇటువంటిదాన్నే."

"ఆయన చంపింది కూడా కుక్కనే అయి ఉంటుంది."

"అర్ధరాజ్యం మాట ఇక మరిచిపో," అన్నాడు మహారాజు. ఆయన మొహంలో కొంత సంతోషం కూడా కనపడింది.

అక్కడ ఉన్నవాళ్ళలో నిజం పలికినవాడు ఒక్క భస్మజిహ్వుడే. దానికి అతనికి దొరికిన ఫలం గోడ మీంచి పడ్డ రెండు చెప్పులు. అతను పళ్ళు కొరికి కర్ర రెండు చేతులా ఎత్తాడు. "చేసింది నేను. పగలగొట్టేదీ నేనే."

"బొమ్మ పగిలితే లోపలి ప్రాణమూ పోతుంది," అంది పుర్రె, ఎవరూ అడక్కుండానే.

పిన్నోజు ఒక్క ఉరుకున సింహం మెడ మీదికి ఎక్కాడు. "పద" అనబోయాడు గాని ఆ అవసరం రాలేదు. గాలిలో ఊగుతున్న కర్ర చివర కరక్కాయకి ఒక ఎముక కనపడింది. సింహం ఎగిరి పుర్రెని నోట కరుచుకుని, కందకం ఒక్క గెంతులో దాటి పరుగు తీసింది.

అడుగు వేసిన చోటల్లా గొయ్యి పడింది. రాళ్ళు పిండి అయ్యాయి. వెనక రాబందు మీద మాంత్రికుడు నిప్పు ముద్దలు విసురుతూ తరుముకొస్తున్నాడు. ఒకటి జూలు తాకింది, రెండోది తోక చుట్టలోంచి దూరిపోయింది. ముందు ఏరు. ఏటి అవతల వజ్రకేతుడి గుడారాలు. మండుటెండలో నోట పుర్రెతో వస్తున్న కంచు సింహాన్ని చూసి ఆ సేన ఒక్క కేక పెట్టింది. నూరు యుద్ధభేరులు ఒక్కసారి మోగాయి.

కరక్కాయకి ఈ లోకంలో భయం ఉన్నది ఒక్క డప్పు చప్పుడికే. ఊళ్ళో జాతర జరిగిన రోజల్లా అది కొలిమి వెనక నక్కి ఉంటుంది.

చుట్టతోక విప్పుకుంది. కాళ్ళ మధ్యకి పోయింది. సింహం గిరుక్కున తిరిగి అడవి వైపు లంఘించింది. అదే క్షణాన వజ్రకేతుడి సేన రెండో వైపు పరుగు తీసింది. ఎవరు ఎవరిని చూసి పారిపోయారో చెప్పగలిగినవాడు అక్కడ ఎవడూ ఆగలేదు. కోటగోడ మీద మహారాజు శాసనం చెక్కడానికి మంచి రాయి తెమ్మని అప్పుడే మనుషుల్ని పంపాడు.

అడవి చిక్కబడేసరికి రాబందుకి రెక్కలు చాపే చోటు లేక మాంత్రికుడు పైనే చక్కర్లు కొడుతూ ఉండిపోయాడు. సింహం నడక తగ్గించింది. పొట్టలో కరక్కాయ రొప్పు పిన్నోజుకి వినిపిస్తోంది. ఆ రొప్పు అతనికి నచ్చలేదు. కిందికి దిగి పొట్టకింద చెయ్యి పెట్టి చూశాడు. రేకు అంచు దొరకలేదు. రేకూ పొట్టా ఒకే చర్మంలా కలిసిపోయాయి.

"బయటికి తియ్యడం ఎలా?" అని పుర్రెని అడిగాడు. ఆ రోజంతటిలో అతను అడిగిన పెద్ద ప్రశ్న అదే.

"కంచు బతికి ఉన్నంతసేపూ రాదు," అంది పుర్రె కోరల మధ్యనుంచి. "రేపటికి దాని ప్రాణం పూర్తిగా ఇందులోకి ఇంకిపోతుంది. తరవాత బయటికి తీసినా కుక్క ఉండదు. అయితే ఒకటి. మంత్రం సింహం పేరు మీద చదివాడు. అసలు సింహం ఎదురుపడిందా, ఆ పేరు దానిది కాబట్టి మంత్రం విడిపోతుంది."

"ఇక్కడ సింహాలు లేవు. నలభై రోజులు వెతికాను."

"నువ్వు గాలికి వీపు పెట్టి తిరిగావు. నీ ఒంటి కొలిమి వాసన అవతలి కొండ దాకా పోయేది. నువ్వు వాటిని చూడలేదు గాని, అవి నిన్ను రోజూ చూశాయి."

పిన్నోజు పంచెకి అంటిన కొలిమి బూడిద చిటికెడు తీసి ఎగరేశాడు. గాలి మొహానికి కొట్టింది. మళ్ళీ ఎక్కి సింహం మెడ అటే తిప్పాడు.

ఎంతో దూరం పోలేదు. రెల్లుపొద పక్కన పసుపురాయి ఒకటి ఎండ కాచుకుంటోంది. ఆ రాయి కళ్ళు తెరిచింది.

"ఏమిటది?" అన్నాడు పిన్నోజు.

"సింహం," అంది పుర్రె. అది అబద్ధం ఆడదు.

కంచు సింహం అడుగు ఎత్తినది ఎత్తినట్టే బిగుసుకుపోయింది. వెచ్చదనం పోయింది. పిన్నోజు జారి కింద పడ్డాడు. పొట్టకింద రేకు ఊడి అతని పక్కనే పడింది. కంతలోంచి కరక్కాయ దూకింది. ఒళ్ళు దులుపుకుని, అతని మొహం ఒకసారి నాకి, అతనికీ ఆ పసుపు మృగానికీ మధ్య పోయి నిలబడింది. తోక మళ్ళీ చుట్ట తిరిగింది. గుర్రుమంది.

అసలు సింహం తాపీగా లేచింది. ముందుకాళ్ళు చాపి, నడుం విరుచుకుని, నోరంతా తెరిచి ఆవలించింది. పిన్నోజు ఊపిరి బిగపట్టి చూశాడు. ఆవలింత సరిగ్గానే పోశాడు. రొమ్ము సరిగ్గానే పోశాడు. అది ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ముందుకు వస్తోంది. దాని వెనక తోక తాడులా సాగి, చివర కుచ్చుతో నేలని రాస్తోంది.

"కరక్కాయా, ఉండు," అన్నాడు పిన్నోజు మెల్లగా. "తోక ఒక్కటే తప్పింది."

అతని చెయ్యి నడుం దగ్గర మిగిలిన మైనం కోసం వెతుకుతోంది. సింహానికీ కుక్కకీ మధ్య ఇక పది అడుగులు ఉన్నాయి.